ఉప్పు నీళ్ళూ, చెట్టు పాలూ

"తడి చేత్తో స్విచ్చి ముట్టుకోకురా" అని చిన్నప్పుడు తిట్లు తినని వాళ్ళు మనలో ఎవరూ ఉండరు. నీళ్ళలోంచి కరెంటు పారుతుంది, అంతే, ఇంక ప్రశ్నలు లేవు. స్కూల్లో మాస్టారు రాయించిన వాహకాల జాబితాలో మాత్రం రాగి, ఇనుము, అల్యూమినియం తర్వాత "ఉప్పునీరు" అని ఉండేది. వట్టి నీరు అని కాదు, ఉప్పునీరు. ఆ "ఉప్పు" అన్న ముక్క ఎంత పెద్దదో నాకు మలేషియా వచ్చాకే తెలిసింది. తీగ లాగితే డొంకంతా కదిలిందంటారే, ఇక్కడ లాగింది నిజంగా తీగే. కదిలిన డొంక మాత్రం ఒక పెద్ద అడవి.

ముందు తీగ సంగతి చెప్తాను.

పినాంగ్ ద్వీపంలో బయాన్ లెపాస్ అని ఒక పారిశ్రామిక వాడ ఉంది. 1972లో మొదలైంది. చిప్పులు కోసి, పొదిగి, పరీక్షించే ఫ్యాక్టరీలు వరసగా ఉంటాయి. అందులో ఒకదానికి నేను సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని. యంత్రాలు పంపే అంకెల్ని డేటాబేసులో చేర్చటం, తేడా వస్తే గంట మోగించటం, ఇదీ పని. ఆ అంకెల్లో 18.2 అని ఒకటి ఉంది, అది దిగితే చాలు, అందరూ పరిగెడతారు. కంప్యూటర్ సైన్సులో ఎం.ఎస్. చేసినవాడికి అదేమిటో ఎలా తెలుస్తుంది? అడిగితే "నీళ్ళు" అన్నారు.

అంటే నీళ్ళు కరెంటుని ఎంత గట్టిగా అడ్డుకుంటున్నాయో చెప్పే అంకె అన్నమాట. 18.2 మెగోమ్ సెంటీమీటర్లు. 25 డిగ్రీల దగ్గర పరమ శుభ్రమైన నీళ్ళు ఇంతకు మించి అడ్డుకోలేవు. దీన్నే తిరగేసి వాహకత్వంగా చెబితే, సెంటీమీటరుకి 0.055 మైక్రోసీమెన్సులు. మన కుళాయి నీళ్ళు ఊరిని బట్టి యాభై నుంచి కొన్ని వందల దాకా ఉంటాయి. మన వైపు బోరు నీళ్ళయితే వెయ్యి దాటటం మామూలే. సముద్రపు నీళ్ళు? యాభై వేల పైచిలుకు. లెక్క వేసి చూడండి, శుభ్రమైన నీటికీ సముద్రానికీ మధ్య దాదాపు తొమ్మిది లక్షల రెట్లు తేడా! రెండూ చూడ్డానికి నీళ్ళే.

ఎందుకింత తేడా అంటే, కరెంటుని మోసేది నీళ్ళు కాదు, నీళ్ళలో కరిగి ఉన్న అయాన్లు. ఉప్పు నీళ్ళలో వేస్తే సోడియం ఒక పక్క, క్లోరిన్ ఒక పక్క విడిపోయి ఒకటి ధనావేశంతో, ఇంకొకటి రుణావేశంతో తిరుగుతుంటాయి. బ్యాటరీ తగిలిస్తే చెరో వైపూ పరిగెడతాయి. ఆ పరుగే కరెంటు. పంచదార కూడా చక్కగా కరుగుతుంది కానీ అయాన్లుగా విడిపోదు, కాబట్టి పంచదార నీళ్ళు కరెంటు విషయంలో మంచినీళ్ళ లాంటివే. (ప్రయోగం చెయ్యాలనిపిస్తే టార్చి బ్యాటరీతో చెయ్యండి. గోడలోని ప్లగ్గు జోలికి వెళ్ళకండి, అమ్మ చెప్పింది ఇప్పటికీ కరెక్టే.)

ఎన్ని అయాన్లున్నాయి, ఒక్కొక్కటీ ఎంత ఆవేశం మోస్తోంది, ఎంత చురుగ్గా కదులుతోంది, నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయి... ఈ నాలుగే ముఖ్యం. డిగ్రీ వేడి పెరిగితే వాహకత్వం సుమారు 2 శాతం పెరుగుతుంది. పరమ శుభ్రమైన నీళ్ళని ఊరికే గిన్నెలో పోసి ఉంచినా గాలిలోని బొగ్గుపులుసు వాయువు కరిగి వాహకత్వం ఇరవై రెట్ల దాకా పెరుగుతుంది. ఇంకో తమాషా ఏమిటంటే, చిప్పులు కోసే యంత్రం దగ్గర ఇన్ని కోట్లు పోసి శుభ్రం చేసిన నీళ్ళలోకి కావాలనే ఆ వాయువుని కలుపుతారు. మరీ శుభ్రమైన నీళ్ళు వేగంగా తగిలితే స్థిరవిద్యుత్తు పోగుపడి చిప్పు కాలిపోతుందిట! కాస్త మురికి ఉంటేనే నయం అన్నమాట.

దీన్ని మొదటిసారి కొలిచిన మనిషి కథ చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. ఇంగ్లండులో హెన్రీ కావెండిష్ అని మహా సిగ్గరి, మహా ధనవంతుడు. అప్పటికి మీటర్లు లేవు. ఆయన తన శరీరాన్నే మీటరుగా వాడుకున్నాడు. గాజు గొట్టాల్లో రకరకాల నీళ్ళు పోసి, వాటిలోంచి లైడెన్ జాడీల విద్యుత్తుని తన ఒంట్లోకి వదిలి, ఏ షాకు గట్టిగా కొట్టిందో రాసుకున్నాడు. 1776లో అచ్చేసిన వ్యాసంలో ఆయన లెక్క: ఇనుప తీగ వాన నీటికన్నా నలభై కోట్ల రెట్లు మంచి వాహకం. సముద్రపు నీరు వాన నీటికన్నా వంద రెట్లు. నేటి కొలతల్లో ఈ రెండో తేడా ఇంకా చాలా పెద్దది, కానీ షాకులు తింటూ ఆ మాత్రం పట్టుకోవటమే గొప్ప. ఆయన కాగితాలని వందేళ్ళ తర్వాత మేక్స్‌వెల్ దుమ్ము దులిపి 1879లో అచ్చువేయించాడు. ఇక కరిగినవి అయాన్లుగా విడిపోతాయని స్వీడన్ కుర్రాడు అరీనియస్ 1884లో థీసిస్ రాస్తే, పరీక్షకులు అత్తెసరు మార్కులతో గట్టెక్కించారు. అదే సిద్ధాంతానికి 1903లో నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే ఈ సిద్ధాంతం పుట్టకముందే నీళ్ళ వాహకత్వం ఒక పెద్ద వ్యాపార సమస్య అయి కూర్చుంది. ఆ వ్యాపారం పేరు టెలిగ్రాఫు. మన భాషలో తంతి.

నేల మీద తంతి వెయ్యటం తేలిక. స్తంభాలు పాతి పింగాణీ గిన్నెల మీద తీగ లాగితే చాలు, గాలే తొడుగు. నది అడ్డమొస్తే? 1839లో కలకత్తా వైద్య కళాశాలలో విలియం ఒషానెసీ అనే ప్రొఫెసరుగారు తీగకి తారు పూసి, చీల్చిన పేము బెత్తాల మధ్య పెట్టి, తారులో నానిన తాడు చుట్టి హుగ్లీ నది అడుగున వేసి సంకేతాలు పంపాడు. నది సరే. సముద్రం మాటేమిటి? తారు పగులుతుంది, తాడు నానుతుంది. తొడుగులో సూది మోపేంత కంత పడితే చాలు, అయాన్లు కిక్కిరిసిన ఆ నీళ్ళు కరెంటునంతా అటే లాగేసుకుంటాయి. వందల మైళ్ళ తీగకి ఎక్కడా ఒక్క కంత లేకుండా, ఉప్పునీళ్ళలో ఏళ్ళ తరబడి కుళ్ళకుండా, ఓడ మీద చుట్ట చుడితే విరక్కుండా ఉండే తొడుగు కావాలి. అప్పటి ఐరోపాలో అలాంటి వస్తువు లేదు.

మలయా అడవుల్లో ఉంది.

మలయులు ఆ చెట్టుని తబాన్ అంటారు. శాస్త్రీయంగా పలాక్వియం గుట్టా. బెరడులోని పాలు గడ్డకడితే చెక్కలా గట్టిగా ఉంటుంది, వేణ్ణీళ్ళలో వేస్తే పిండిముద్దలా మెత్తబడుతుంది, కావలసిన ఆకారం చేసి చల్లారనిస్తే మళ్ళీ బిగుసుకుంటుంది. ఇక్కడివాళ్ళు దానితో పరాంగ్ కత్తులకి పిడులు చేసుకునేవారు. సింగపూరులో కంపెనీ డాక్టరు విలియం మాంట్‌గోమరీ ఆ పిడి చూసి ఆశ్చర్యపోయాడు. 1843లో ఆయనా, జోసె దల్మైదా అనే పోర్చుగీసు వైద్యుడూ విడివిడిగా నమూనాలు లండనుకి చేర్చారు. మలయు భాషలో గెతా అంటే చెట్టు పాలు, జిగురు. గెతా పెర్చా కాస్తా ఇంగ్లీషువాళ్ళ నోట్లో గట్టాపర్చా అయింది.

దాన్ని బూట్లకీ గోల్ఫు బంతులకీ వాడుతుండగా, 1848లో ఫారడే "ఇది విద్యుత్తుని అడ్డుకోవటంలో చాలా గట్టిది" అని ఒక చిన్న లేఖ అచ్చువేయించాడు. దానికి కాస్త ముందే, 1847లో, బెర్లిన్లో వెర్నర్ సీమెన్స్ అనే సైనికాధికారి తీగ మీద దీన్ని అతుకు లేకుండా తొడిగే యంత్రం తయారుచేశాడు. పైన మైక్రోసీమెన్సులు అన్నానే, ఆ సీమెన్స్ ఈయనే. 1971లో ఆ కొలతకి ఆయన పేరు పెట్టారు. అంతకుముందు ఓమ్‌ని వెనక్కి చదివి "మో" అనేవారు. (ఇంజనీర్ల హాస్యం ఎప్పుడూ ఇంతే లెండి.) కరెంటు పారకుండా ఆపే తొడుగు వేసినాయన పేరే కరెంటు పారటాన్ని కొలిచే ప్రమాణానికి రావటం బాగుంది కదూ.

ఇక వరసగా తీగలు మునిగాయి. 1850 ఆగస్టు 28న డోవర్ నుంచి ఫ్రాన్సుకి వేసిన తీగ ఒక్క రోజులో చచ్చింది. మరుసటేడు ఇనుప కవచం తొడిగి వేసింది బతికింది. 1858లో అట్లాంటిక్ అడుగున వేసిన తీగ మూడు వారాలు మూలిగి పోయింది. తొడుగు అసలే అంతంత మాత్రం, పైగా వైట్‌హౌస్ అనే ఆయన సంకేతాలు బలంగా పోవాలని రెండు వేల వోల్టులు ఎక్కించాడు. తొడుగు చిరిగిన చోట సముద్రం చేయి పెట్టింది. 1866లో గాని అట్లాంటిక్ తీగ నిలబడలేదు.

ఇక్కడ నన్ను కట్టిపడేసిన సంగతి ఒకటుంది. కరెంటు వెళ్ళాలంటే తిరిగి రావటానికీ ఒక దారి కావాలి, అంటే రెండు తీగలుండాలి. కానీ ఈ కేబుళ్ళలో రాగి తీగ ఒక్కటే. తిరుగు దారి సముద్రమే! రెండు ఒడ్డుల్లోనూ ఒక్కో పలక పాతితే చాలు, అంత వెడల్పైన ఉప్పునీటి దారిలో నిరోధం లెక్కలోకి రాదు. అంటే ఏ ఉప్పు వల్ల తొడుగు కావలసి వచ్చిందో, ఆ ఉప్పే రెండో తీగ ఖర్చు మిగిల్చింది. పైగా తొడుగుకి బయట వాహకమైన నీళ్ళు చుట్టూ ఉండటంతో కేబులంతా ఒక పొడవాటి లైడెన్ జాడీ అయి కూర్చుంది. సంకేతాలు సాగిపోయి ఒకదాని మీద ఒకటి పడటానికి కారణం అదేనని ఫారడే 1854లో చెప్పాడు. దాని లెక్కలు తేల్చి, సున్నితమైన మీటరు చేసి గట్టెక్కించినవాడు విలియం థామ్సన్, తర్వాతి లార్డ్ కెల్విన్.

అడుగు లోతుల్లో ఇంకో అదృష్టం కూడా కలిసొచ్చింది. మన బంగాళాఖాతం పైన 28 డిగ్రీలుంటే, లోతుల్లో రెండు మూడు డిగ్రీలే. ఆ చలికి నీళ్ళ వాహకత్వం సగానికి కాస్త పైకి పడిపోతుంది, గట్టాపర్చా నిరోధమేమో చాలా రెట్లు పెరుగుతుంది. ఎండా గాలీ తగిలితే పెళుసైపోయే ఈ పదార్థం చల్లటి చీకటి నీళ్ళలో దశాబ్దాలు నిలుస్తుంది. దాని కోసమే పుట్టినట్టు.

అలా అలా 1870లో లండను నుంచి బొంబాయికి సముద్రపు తంతి వచ్చింది. ఆ వెంటనే మద్రాసు నుంచి బంగాళాఖాతం దాటించి పినాంగ్‌కి, అక్కడి నుంచి మలక్కా జలసంధి మీదుగా సింగపూరుకి తీగ వేశారు. 1871 మొదట్లో అది పనిచెయ్యటం మొదలైంది, ఆ ఏడాదే హాంకాంగ్ దాకా పాకింది. ఓడ మీద రోజులూ వారాలూ పట్టే కబురు గంటల్లో చేరింది. మలయా చెట్టు పాలు తొడుక్కున్న తీగ మళ్ళీ మలయాకే వచ్చి ఒడ్డెక్కింది.

అప్పటికి ఆ చెట్టు సంగతేమిటి?

ఇది చదివాకే నాకు ఈ కథ రాయాలనిపించింది. రబ్బరు చెట్టుకి గాటు పెడితే పాలు ధారగా కారి చిప్పలోకి దిగుతాయి, చెట్టు బతికే ఉంటుంది. తబాన్ చెట్టుకి పాలు చిన్న చిన్న విడి సంచుల్లో ఉంటాయి, గాటు పెడితే ఆ కాస్తా గడ్డకట్టి ఆగిపోతుంది. అందుకని చెట్టుని నరికి పడగొట్టి, బెరడు పొడుగునా వరసగా గాట్లు పెట్టి తీసేవారు. అంత చెట్టుకి వచ్చేది తరచుగా కిలో లోపే. మిగతాదంతా అడవిలో కుళ్ళిపోవలసిందే.

కాస్త లెక్క వేద్దాం. 1866 అట్లాంటిక్ కేబులుకి ఒక్కో నాటికల్ మైలుకి 400 పౌండ్ల గట్టాపర్చా పట్టింది. పొడవు సుమారు 1,850 నాటికల్ మైళ్ళు. అంటే 330 టన్నుల పైన. చెట్టుకి ఉదారంగా ఒక కిలో వేసుకున్నా, ఒక్క కేబులుకి మూడు లక్షల ముప్ఫై వేల చెట్లు! ఇలాంటి కేబుళ్ళు శతాబ్దం చివరికి ప్రపంచమంతా చుట్టాయి. 1854 నుంచి 1875 లోపు ఒక్క సరావాక్‌లోనే ముప్ఫై లక్షల చెట్లు పడ్డాయని ఒక అంచనా. సింగపూరు ద్వీపంలోనైతే వ్యాపారం మొదలైన కొన్నేళ్ళకే పెద్ద చెట్లు కనబడకుండా పోయాయి. నరికినవాళ్ళు ఒరాంగ్ అస్లీలు, మలయులు, దయాకులు. పొట్టకూటికి నరికారు. కొన్నవాళ్ళు ఊళ్ళోని వర్తకులు, వాళ్ళ దగ్గర కొన్నది లండను. జాన్ టల్లీ అనే చరిత్రకారుడు 2009లో దీని మీద రాసిన వ్యాసానికి విక్టోరియా కాలపు పర్యావరణ విపత్తు అనే అర్థమొచ్చే పేరు పెట్టాడు. పెద్ద మాటేమీ కాదు.

ఆ తర్వాత ఇక్కడ పెరిగింది ఇంకో చెట్టు. బ్రెజిల్ రబ్బరు మొక్కలు 1877లో సింగపూరుకొచ్చాయి. చెట్టు చావకుండా పాలు తీసే పద్ధతిని రిడ్లీ అనే వృక్షశాస్త్రవేత్త సాధించి, ఊరూరా తిరిగి ప్రచారం చేశాడు. తమాషా ఏమిటంటే రబ్బరూ గట్టాపర్చా రెండూ ఒకే ఐసోప్రీన్ గొలుసులు, మెలిక ఒక్కటే వేరు. ఆ రబ్బరు తోటల్లో గాట్లు పెట్టటానికి కంగాణీల వెంట ఓడలెక్కి వచ్చినవాళ్ళలో తమిళులతో పాటు మన విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు జనం కూడా ఉన్నారు. వాళ్ళ మునిమనవలు ఈనాటికీ పేరాక్‌లో బగాన్ దతు చుట్టుపక్కల తెలుగు మాట్లాడుతున్నారు.

అక్కడ ఒక ఉగాది సభలో ఎనభై దాటిన ఒక తాతగారు నా పక్కన కూర్చున్నారు. పినాంగ్ కేబులు గురించి నేను ఉత్సాహంగా చెప్తుంటే చివరిదాకా విని, "మాకెందుకు బాబూ ఆ గొడవ, తంతొచ్చిందంటే సావు కబురే. కిరానీ కాయితం సేతిలో ఎట్టుకుని లైన్ల కాడికొస్తంటే, ఏ ఇంటి ముందు ఆగుతాడో అని ఆడోళ్ళు గుండెలు పట్టుకునేవోరు" అన్నారు. మాటకి ఇంత అని లెక్కగట్టే తంతిలో కూలివాడు పంపగలిగింది ఆ ఒక్క కబురే. రబ్బరు ధరలూ, వాటాల బేరాలూ, దొరల ఉత్తర్వులూ రోజూ అదే నీళ్ళ కింద పోతుండేవి. ఆ సాయంత్రం నుంచి నాకు ఈ కథలో అయాన్లతో పాటు మనుషులు కూడా కనిపిస్తున్నారు.

గట్టాపర్చా యుగం 1933లో ఇంగ్లండులో పాలిథిన్ పుట్టటంతో ముగింపుకొచ్చింది. 1956లో అట్లాంటిక్ దాటిన మొదటి టెలిఫోను కేబులుకి తొడుగు పాలిథినే. మన దేశంలో టెలిగ్రామే 2013 జులైలో ఆగిపోయింది. ఇప్పుడు సముద్రం కింద పోయేది వెలుగు. వెలుగుకి ఉప్పుతో పని లేదనుకుంటాం గానీ, దారిలో వెలుగుని బలపరిచే పెట్టెలకి కరెంటు కావాలి. దానికి అదే కేబులులో రాగి గొట్టం, దాని మీద పాలిథిన్ తొడుగు, తిరుగు దారికి సముద్రం! 1870 నాటి ఏర్పాటే. చెన్నైకీ పినాంగ్‌కీ మధ్య 2010ల నడుమ మళ్ళీ ఒక కేబులు వేశారు, బే ఆఫ్ బెంగాల్ గేట్‌వే అని. అవే రెండు ఒడ్డులు, అవే నీళ్ళు.

ఈసారి తొడుగు కోసం చెట్టు నరకలేదు. ఆ మేరకు మనం బాగుపడ్డాం. కానీ ఏ కొత్త సౌకర్యానికైనా కనబడని తొడుగు ఒకటి ఉంటుందనీ, అది ఎక్కడో ఎవరి అడవిలోంచో, ఎవరి నేలలోంచో వస్తుందనీ ఈ కథ నాకు నేర్పింది. 1866లో లండనులో తంతి అందుకున్న పెద్దమనిషికి తబాన్ చెట్టు పేరు తెలిసి ఉండదు. మన ఫోను దేనితో తయారైందో మనకీ తెలియదు.

తబాన్ పూర్తిగా అంతరించలేదు, అడవుల్లో అక్కడక్కడా మిగిలింది. ఇక్కడ గెతా అంటే ఇప్పుడు అందరికీ రబ్బరే గుర్తొస్తుంది. అయినా ఆ పాత గెతా మీకు మరీ దూరమేమీ కాదు. ఎప్పుడైనా పంటికి రూట్ కెనాల్ చేయించుకున్నారా? డాక్టరుగారు వేరు లోపల కూరిన గులాబీ రంగు పుల్లలో సాధారణంగా గట్టాపర్చా ఉంటుంది. అక్కడా దాని ఉద్యోగం అదే, ఉప్పటి తడిని లోపలికి రానివ్వకపోవటం.